పోలయ్య మోసిన రాళ్ళు

రాహేలుకు కోపమెక్కువ అని ఉప్పుపాయలో అందరూ అనేవారు. ఊళ్ళోవాళ్ళు అన్నారు, వాగవతల పల్లెలోవాళ్ళు అన్నారు, కడుపున పుట్టిన సుందరరాజు కూడా అన్నాడు. నిజమే, ఆమె గొంతు పెద్దది. కలుపుకు పోయిన చోట కొలత తక్కువ పోస్తే గింజలు అక్కడే కుమ్మరించి వచ్చేది. కానీ ఆ కోపం ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళలో చాలామంది దాన్ని మరిచిపోవడమే మంచిదనుకున్నారు.

ఉప్పుపాయ రాచర్లకు పడమటగా, నల్లమల కొండలు మొదలయ్యే చోట ఉంది. వాన పడితే జొన్న, కొర్ర, ఆముదం; పడకపోతే ఏమీ లేదు. ఊరి నడుమ చెన్నకేశవుడి గుడి. రాయల కాలంలో కట్టిందని చెప్పుకుంటారు. ఊరికి దక్షిణాన వాగు, వాగు దాటితే పల్లె. ఆ పల్లెలో అందరూ కూలినాలి చేసుకునే క్రైస్తవులు. ఊరికి ఉత్తరాన మునసబు గారి చేలో ఒకప్పుడు ఒక దిబ్బ ఉండేది. దిబ్బ మీద కూలిపోయిన ఇంకో గుడి. అది చెన్నకేశవుడి గుడికంటే చాలా పాతది. ఎవరు కట్టారో, లోపల ఏ దేవుడు ఉండేవాడో చెప్పగలిగిన మనిషి లేడు. ఎర్రరాతి స్తంభాలు, బొమ్మలు చెక్కిన దూలాలు తుమ్మకంపల్లో అడ్డదిడ్డంగా పడి ఉండేవి. అక్కడ దీపం పెట్టినవాడు లేడు, దండం పెట్టినవాడు లేడు. మధ్యాహ్నాలు మేకలు ఆ రాళ్ళ నీడన పడుకునేవి.

రాహేలు చిన్నపిల్లగా ఉన్నప్పుడు పల్లెలో బోదగడ్డి కప్పిన చర్చి ఒక వేసవిలో కాలిపోయింది. మిషను దొర గుర్రబ్బండిలో వచ్చి, ఈసారి రాతితో కడదామన్నాడు. రాయి ఎక్కడిది? దొర వెళ్ళి మునసబును అడిగాడు. ఇప్పటి మునసబు నారపరెడ్డికి తండ్రి అతను, పెద్దమునసబు అనేవారు. అతను అడ్డం చెప్పకపోగా సంతోషించాడు. ఆ దిబ్బ వల్ల నాగలి తిరగక మంచి నేల బీడు పడిపోతోందని అతని బాధ. గొడుగు కింద గట్టు మీద నిలబడి, ఒక్క రాయి కూడా మిగల్చకుండా ఎత్తుకుపొమ్మని పల్లెవాళ్ళకు చెప్పాడు. తండ్రికి నీళ్ళకుండ తీసుకుపోయిన రాహేలు ఆ మాట తన చెవులతో విన్నది.

ఆ వేసవంతా పల్లె రాళ్ళు మోసింది. ఎవరూ బండి ఇవ్వలేదు. దుంగల మీద దొర్లించారు, మోకులు కట్టి లాగారు, కాడి కట్టి భుజాల మీద మోశారు. వాగు ఇసకలో ఒక్కో రాయి ఒక్కో పూట తినేది. రాహేలు తండ్రి పోలయ్య అందరికంటే ముందుండేవాడు. పిల్లల పని రాళ్ళకు పట్టిన మట్టి కడగడం. ఒక పలక మీద డోలు వాయిస్తూ అడుగులేస్తున్న ఆడమనిషి బొమ్మ ఉంది. నడుము ఒక పక్కకు వంచి, పెదవుల మీద నవ్వు ఆపుకున్నట్టు ఉంటుంది. రాహేలు ఆ బొమ్మను ఎన్నిసార్లు కడిగిందో. గోడ లేస్తుంటే దొర వచ్చి చూసి, దేవుని ఇంట్లో ఇలాంటి బొమ్మలు కనపడకూడదన్నాడు. చెక్కడాలున్న ముఖాలన్నీ గోడ లోపలికి తిప్పి పేర్చి, మీద సున్నం గార మెత్తించాడు. రాహేలు ఏడిస్తే పోలయ్య, గోడలోనే ఉంటుందిలే, ఎక్కడికీ పోదు అని సముదాయించాడు.

చివరగా మిగిలింది హంసలబారు చెక్కిన పెద్ద దూలం. దాన్ని వాగు దాటించి గట్టు ఎక్కిస్తుండగా మోకు తెగింది. రాయి వెనక్కి జారి పోలయ్య కాలి మీద, మోకాలి దిగువన పడింది. కంభం ఆసుపత్రికి తీసుకుపోదామని బండి కోసం పరుగెత్తితే, ఎద్దులు దుక్కిలో ఉన్నాయని పెద్దమునసబు చెప్పి పంపాడు. ఆ దుక్కి ఎక్కడో కాదు, రాళ్ళు తీసేసిన దిబ్బ మీదే. పోలయ్య కాలు కుళ్ళింది. చర్చికి కప్పు పడకముందే అతను చనిపోయాడు. హంసల దూలాన్ని తూర్పు కిటికీ కింద పెట్టి గార మెత్తారు. రాహేలు తల్లి బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం అక్కడే గోడకు ఆనుకుని కూర్చునేది. తల్లి పోయాక ఆ చోటు రాహేలుదైంది.

తర్వాత ఆమె బతుకు పల్లెలో ఆడవాళ్ళందరి బతుకే. పెళ్ళయింది. కొడుకు పాకే వయసులో ఉండగానే భర్త బాలయ్యను గత్తర జబ్బు తీసుకుపోయింది. నారపరెడ్డి చేలల్లోనే, ఒకప్పటి ఆ దిబ్బనేలలో కూడా, కలుపు తీసి కోతలు కోసి కొడుకును పెంచింది. ఆ నేలలో పంట బాగా పండేది. వంగి కోస్తూ ఒక్కోసారి ఆమె కొడవలి ఆపి చుట్టూ చూసేది. పక్కనున్న ఆడవాళ్ళు ఏందని అడిగితే ఏమీ లేదనేది. చర్చి ఊడ్చే పని తనకే ఇమ్మని అడిగి తీసుకుంది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు చర్చి దూలాలకు చెదలు పట్టాయి. పడమటి గోడ పొట్ట ఉబ్బింది. సుందరరాజు అప్పటికి సంఘపెద్ద. అతనూ పాస్టరు ఏబేలు గారూ గిద్దలూరులో కొత్తగా కట్టిన సిమెంటు మిద్దె చర్చి చూసి వచ్చారు. పాతది పడగొట్టి అలాంటిదే కడదామన్నారు. కప్పు ఒక్కటీ మార్చండి, గోడల జోలికి పోవద్దంది రాహేలు. చర్చి రాళ్ళ కోసం కాదు, మనుషుల కోసం అని సుందరరాజు నచ్చచెప్పబోయాడు.

“ఆ రాళ్ళ కింద మనిషే ఉన్నాడు రా,” అంది రాహేలు. “మీ తాత.”

అయినా గోడ పడగొట్టారు. కప్పు దించి, పడమటి గోడ విప్పి, తూర్పుగోడకు గడ్డపార వేసేసరికి గార పెచ్చులు పెచ్చులుగా ఊడి, రాళ్ళు ముఖం తిప్పాయి. సున్నం చల్లదనంలో ఇన్నేళ్ళూ దాగిన చెక్కడాలు నిన్న చెక్కినట్టున్నాయి. డోలు వాయించే ఆడమనిషి ముక్కు చెక్కుచెదరలేదు. రాహేలు ముసలి చేతితో దాని చెంప మీది సున్నం తుడిచి, పక్కనే కూలబడిపోయింది. కోడలు సామ్రాజ్యం నీళ్ళు తెచ్చి ఇచ్చినా చాలాసేపు తాగలేదు.

ఆ సాయంత్రానికే సంగతి ఊళ్ళోకి పాకింది. మరునాడు పొద్దున్నే నారపరెడ్డి పదిమందితో వాగు దాటి వచ్చాడు. అతను పల్లెలో అడుగుపెట్టడం ఎవరూ చూసి ఎరగరు. ఆ ఏడే అతను చెన్నకేశవుడి గుడి బాగుచేయించే కమిటీకి పెద్ద అయ్యాడు. ఊళ్ళో తన పేరు నిలబడే పని ఒకటి చేయాలని ఉంది అతనికి. రాళ్ళ ముందు చెప్పులు విడిచి చేతులు జోడించాడు. తర్వాత సుందరరాజు వైపు తిరిగి, ఇవి తమ స్వామి రాళ్ళనీ, ఎవరూ తాకకూడదనీ చెప్పాడు.

“మతం మార్చుకున్నోళ్ళు దొంగతనంగా ఎత్తుకొచ్చి గోడలో దాచినారు,” అన్నాడు. “అందుకే బొమ్మలు కనపడకుండా తిప్పి పెట్టినారు. ఇంకేం సాక్ష్యం కావాల?”

రాహేలు లేచి నిలబడింది. “ఎవురు దొంగ రెడ్డయ్యా?”

నారపరెడ్డి సుందరరాజుతోనే అన్నాడు: “మీ అమ్మను ఇంట్లోకి పొమ్మను.”

సుందరరాజు తల్లి చేయి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది కానీ అప్పటికే రెడ్డి వెనక్కి తిరిగాడు. రాళ్ళ దగ్గర తలారిని కాపలా పెట్టి పోయాడు. పని ఆగిపోయింది. కప్పు లేని మొండిగోడల మధ్య వానలు మొదలయ్యాయి. ఆదివారాలు జనం వేపచెట్టు కింద గోనెసంచులు కప్పుకుని పాటలు పాడారు. నాయన దొంగ అన్న మాట రాహేలుకు అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది, జొన్నలు విసురుతుంటే గుర్తొచ్చేది. ఆ కాలు కుళ్ళిన వాసన కూడా గుర్తొచ్చేది. దొర మీద కోపం వచ్చింది. బొమ్మలు తిప్పి పెట్టమన్నది అతనే, ఆ పాపం ఇప్పుడు తన తండ్రి నెత్తికి చుట్టుకుంది. ఏబేలు గారి మీద కోపం వచ్చింది. ఓపికపట్టమనడం తప్ప ఆయన నోట ఇంకో మాట రాలేదు.

నారపరెడ్డి పై అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలిసి రాహేలు గొల్ల కాటమరాజు దగ్గరికి వెళ్ళింది. అతను ఆమెకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆ కాలంలో దిబ్బ మీద మేకలు కాసినవాడు, పెద్దమునసబు గొడుగు కింద నిలబడి చెప్పింది విన్నవాడు. ఊరివాడు చెబితే ఆఫీసరు నమ్ముతాడని ఆమె ఆశ.

కాటమరాజు గొంగడి అంచు నలిపాడు. “నా గొర్రెలు ఆయన బీడు నేలల్లోనే మేయాల చెల్లెమ్మా,” అన్నాడు. “నేను నోరు తెరవలేను.”

రాహేలు అతన్ని నానా మాటలూ అంది. మగతనం లేదంది, మీసం దేనికంది. అతను అన్నీ పడ్డాడు. ఆమె లేచి పోతుంటే వెనక నుంచి మెల్లగా, గుడి ముందు మండపంలో ఎడమచేతి పక్క స్తంభం మొదట్లో ఏముందో చూడమన్నాడు. అంతకంటే చెప్పలేదు.

ఆఫీసరు గుడి మండపంలోనే కుర్చీ, బల్ల వేయించుకున్నాడు. రెడ్లు, పూజారి, కరణం చుట్టూ కూర్చున్నారు. పల్లెవాళ్ళు మెట్ల కింద ఎండలో నిలబడ్డారు. గుళ్ళల్లోకి అందరూ పోవచ్చని చట్టం వచ్చి ఏళ్ళయింది. ఉప్పుపాయలో ఆ చట్టం మెట్ల దగ్గరే ఆగింది. ముందు నారపరెడ్డి చెప్పాడు. తర్వాత పూజారి చెప్పాడు. చర్చి కట్టినప్పుడు కళ్ళతో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆఫీసరు అడిగితే సుందరరాజు తల్లిని ముందుకు తెచ్చాడు. అక్కడి నుంచే చెప్పమన్నాడు ఆఫీసరు.

“దగ్గరికొచ్చి చెప్తానయ్యా,” అంది రాహేలు. “ఇంత దూరం నుంచి చెప్తే నా మాట మీ దాకా రాదు.”

ఆమె మెట్లెక్కింది. ఆపాలని ఎవరికీ వెంటనే తోచలేదు. పూజారి లేచి గర్భగుడి వైపు జరిగాడు. ఇద్దరు ముగ్గురు రెడ్లు లేచి నిలబడ్డారు. దిగమని నారపరెడ్డి అన్నాడు. ఆమె అతని పక్కనుంచే నడిచి, ఎడమచేతి వైపు స్తంభం దగ్గర ఆగింది. స్తంభాలన్నీ నల్లరాయి. ఈ ఒక్కదాని మొదట్లో మాత్రం ఎర్రరాయి పలక పెట్టి ఉంది. దాని మీద హంసలబారు. మెడలు వంచి, ఒకదాని తోక ఒకటి ముక్కుతో పట్టుకున్నట్టు ఉన్న ఆ హంసలు ఆమెకు బాగా తెలుసు. వంగి వాటి మీద చెయ్యి పెట్టింది.

“ఇది చూడండయ్యా,” అంది. “చుట్టూ నల్లరాళ్ళు, ఇదొక్కటే ఎర్రరాయి. మా గోడలో ఉన్న హంసలు ఇవే. దిబ్బ మీది రాయి ఈ గుడిలోకి ఎట్ల వచ్చినాది? రాయల కాలంలో తెచ్చినారేమో. అప్పుడు తెచ్చినోళ్ళు దొంగలా? తెచ్చినోళ్ళు ఎవురు, రెడ్లు మోసినారా? రెడ్లు ఎప్పుడన్నా రాయి మోసినారా? అప్పుడు మోసింది కూడా మా వాళ్ళే అయ్యుంటారు. మోసి, నిలబెట్టి, ఈ మెట్లు దిగిపోయింటారు. మళ్ళా ఎక్కనియ్యలేదు.”

మండపంలో గోలగోల అయింది. ఆఫీసరు బల్ల మీద చేత్తో కొట్టి అందరినీ కూర్చోబెట్టాడు. ఆమె అక్కడే నిలబడి మిగతాదంతా చెప్పింది. దొర రావడం, పెద్దమునసబు గొడుగు, ఒక్క రాయి మిగల్చొద్దన్న మాట, వాగులో తెగిన మోకు, దొరకని బండి. చెబుతుంటే ఆమె గొంతు పెరగలేదు. అదే పల్లెవాళ్ళకు వింతగా ఉంది. చివర్లో ఒక్కటే అడిగింది: తన నాయన దొంగ కాదని రాయమంది. ఆఫీసరు ఆమెను జాలిగానే చూశాడు. చనిపోయినవాళ్ళ సంగతి తన ముందున్న తగాదా కాదనీ, రాళ్ళు ఎవరికి చెందాలన్నదే తాను తేల్చాలనీ చెప్పాడు.

అప్పుడు ఆమె కాటమరాజు కోసం చూసింది. అతను గుడి గోడ నీడన జనం వెనక నిలబడి నేల చూస్తున్నాడు.

కొద్దిరోజులకు తీర్పు తెలిసింది. బొమ్మలున్న రాళ్ళు గుడికి, బోడిరాళ్ళు చర్చికి. ఆఫీసరు అది చాలా న్యాయమైన పంపకం అనుకుని ఉంటాడు. ఏబేలు గారు కూడా పోనీలే, గొడవ తీరిందన్నాడు. తీరలేదు. మరునాడు తలారి వచ్చి, రాళ్ళు గుడి దాకా మోసుకురావాలని పల్లెకు మునసబు కబురు చెప్పాడు. మామూలు కూలి ఇస్తారట.

ఆ కబురు విన్నప్పుడు చర్చి మొండిగోడల దగ్గర పల్లెంతా ఉంది. మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరి ముఖాల్లో, పోదాం, ఏం చేస్తాం అన్న భావమే ఉంది. రాహేలు హంసల దూలం మీద కూర్చుని ఉంది.

“ఒకసారి మా నాయన మోసినాడు,” అంది తలారితో. “ఈసారి మీ రెడ్డిని మోసుకోమను.”

తలారి నవ్వబోయాడు. సామ్రాజ్యం చంకలో బిడ్డతో వచ్చి అత్త పక్కన రాతి మీద కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. మగవాళ్ళు అప్పుడు తల అడ్డంగా ఊపారు.

నారపరెడ్డి రెండోసారి కబురు పెట్టలేదు. పల్లెవాళ్ళను ఎవరూ పనికి పిలవకూడదని ఊళ్ళో చాటించాడు. ఆముదం కాయ కోతకొచ్చి చేలల్లో నిలబడింది. రాచర్ల వైపు నుంచి కూలీలను తెచ్చుకున్నారు. దుకాణంలో పల్లెకు ఉప్పూ చమురూ కూడా ఇవ్వలేదు. కొన్నాళ్ళు గంజి మీద నడిచింది. తర్వాత ఇళ్ళకు ఇళ్ళే మూట కట్టుకుని మార్కాపురం పలకల గనులకు పోవడం మొదలుపెట్టాయి. సామ్రాజ్యం బిడ్డను తీసుకుని అన్నదమ్ములతో కలిసి పోయింది. పలకలు చీల్చే చోట దుమ్ముకు బిడ్డకు దగ్గు పట్టిందని కబురు వచ్చిన రోజు సుందరరాజు తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“నీ కోపానికి పల్లె పల్లె వలస పోయింది,” అన్నాడు. “తాత ఎప్పుడో పోయినాడు. ఉన్నోళ్ళ సంగతి చూడు.”

కొడుకు అటు పోగానే రాహేలు కొంగు బిగించుకుని ఊరి వైపు నడిచింది. మోస్తాం, పనులు ఇయ్యి అని రెడ్డితో చెప్పి వద్దామనే బయల్దేరింది. వాగు దాకా వచ్చింది. నీళ్ళు చీలమండల లోతు కూడా లేవు. అవతలి గట్టు ఎక్కితే గుడి కనపడుతుంది. ఆమె ఇసకలో కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా కాళ్ళు ముందుకు పోవడానికి ఒప్పుకోలేదు. నాయన అరిచిన కేక ఈ గట్టు మీదే. ఆ కేకకు బండి ఇవ్వనివాడి కొడుకు దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాలా? చెబితే ఆ తప్పు ఎవరిదవుతుంది? లేచి ఇసక దులుపుకుని ఇంటికి వచ్చేసింది. ఆ రోజు నుంచి తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోలేదు.

మాఘమాసంలో గుడికి పునఃప్రతిష్ఠ పెట్టుకున్నారు. దూరం నుంచి బ్రహ్మం అనే శిల్పిని పిలిపించారు. దిబ్బరాళ్ళు వచ్చి తీరాలని, అవి లేకపోతే తన పరువు పోతుందని నారపరెడ్డికి పట్టుదల. రాచర్ల కూలీలు ఇందులో మేం తలదూర్చమన్నారు. గొల్లవాళ్ళను పిలవబోతే కాటమరాజు మందను తోలుకుని అడవికి పోయాడు. ఎప్పుడూ పోయేదానికంటే చాలా ముందుగా, మోయగలిగిన మగవాళ్ళందరినీ వెంటబెట్టుకుని పోయాడు. ఎందుకింత తొందర అని దారిలో ఎవరో అడిగితే గడ్డి అయిపోతుందన్నాడట. రాహేలు ఆ సంగతి విన్నాక అతన్ని తిట్టడం మానేసింది.

చివరికి రెడ్ల ఇళ్ళ నుంచే బండ్లు కదిలాయి. అన్నదమ్ములు, అల్లుళ్ళు, పాలివాళ్ళు తలపాగాలు చుట్టుకుని వాగు దాటి వచ్చారు. బరువు ఎత్తడం అలవాటు లేని చేతులు. దుంగ ఎక్కడ పెట్టాలో తెలియదు, మోకు ఎక్కడ ముడేయాలో తెలియదు. మొదటి రాయికే బండి ఇరుసు విరిగింది. ఎండ ఎక్కింది. పల్లె బావి పది అడుగుల దూరంలో ఉన్నా నీళ్ళు ఊళ్ళోంచి తెప్పించుకుని తాగారు. మధ్యాహ్నానికి అల్లుళ్ళు చెట్టు కింద చేరారు. నారపరెడ్డి పంచె ఎగగట్టి, తానే భుజం పెట్టాడు. అతనికీ వయసు మీద పడింది. మెడ నరాలు ఉబ్బి, చెమట కళ్ళల్లోకి కారుతుంటే రాయి జానెడు కదిలింది, మళ్ళీ వెనక్కి కూర్చుంది.

పల్లెలో మిగిలిన ముసలీముతకా గడపల్లో నిలబడి చూశారు. ఎవరూ నవ్వలేదు. రాహేలు కూడా తన గడపలో కూర్చుని పొద్దుగూకేదాకా చూసింది. ఇన్నాళ్ళ కసి తీరుతుందనుకుంది కానీ తీరలేదు. వాళ్ళు పడుతున్న పాట్లు చూస్తుంటే, తన వాళ్ళు ఇదే పని ఎన్ని తరాలు నోరెత్తకుండా చేశారో కళ్ళకు కట్టింది. కోపం ఇంకా పెరిగింది.

హంసల దూలం గట్టు ఎక్కిస్తుండగా జారి రెండు ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

రాళ్ళు గుడి చేరాక పసుపునీళ్ళతో, గోమూత్రంతో కడిగి శుద్ధి చేశారని విన్నది రాహేలు. అన్నేళ్ళు మేకలు పడుకున్నప్పుడు పట్టని మైల, పల్లెవాళ్ళు వాటి మధ్య కూర్చుని దేవుణ్ణి కొలిచినందుకు పట్టిందన్నమాట. అంత కడిగీ వాటిని ఎక్కడా పెట్టలేదు. ఆ రాళ్ళ కొలతలు ఈ గుడికి నప్పవని, విరిగిన బొమ్మలు పూజకు పనికిరావని బ్రహ్మం తేల్చేశాడు. సిమెంటుతో కొత్త గాలిగోపురం లేపి, దానికి ఆకుపచ్చా గులాబీ రంగులు పూశారు. దిబ్బరాళ్ళు గుడి వెనక గోడ పక్కన కంపలో మిగిలిపోయాయి. బిడ్డను చంకనేసుకుని మార్కాపురం నుంచి వచ్చిన సామ్రాజ్యం ఆ దారిన వస్తూ చూసి చెబితే, రాహేలు చేతిలో చేట విసిరికొట్టింది.

మళ్ళీ విత్తనాలకాలం వచ్చేసరికి ఊరికి చేతులు కావలసి వచ్చాయి. ఎవరూ ఏమీ చాటించకుండానే కట్టుబాటు సడలింది. ఒక రెడ్డి ఇంటికి ఇద్దరు పనికి పోయారు, తర్వాత పదిమంది పోయారు. గనులకు పోయినవాళ్ళు తిరిగొచ్చారు, అందరూ కాదు. చర్చి బోడిరాళ్ళతోనే లేచింది. సిమెంటు మిద్దె మాట వదులుకుని రేకులు వేశారు. సుందరరాజు తూర్పు కిటికీ పాత చోటనే పెట్టించాడు. తల్లితో చెప్పి చేసింది కాదు, మాటల్లేవు కదా.

కొత్త చర్చి ప్రతిష్ఠ జరిగిన ఆదివారం గిద్దలూరు, కంభం సంఘాల నుంచి కూడా జనం వచ్చారు. సంఘంలో వయసులో పెద్దది కాబట్టి కృతజ్ఞతాప్రార్థన రాహేలును చేయమన్నారు ఏబేలు గారు. రెండు ముక్కలు చెప్పి ముగిస్తుందనుకున్నారు. ఆమె లేచి నిలబడింది. కళ్ళు మూసుకోలేదు.

“తండ్రీ, ఈ గోడలు మా నాయన పోలయ్య మోసిన రాళ్ళు,” అని మొదలుపెట్టింది. “ఆయన దొంగ కాదు. పెద్దమునసబు ఎత్తుకపొమ్మంటే ఎత్తుకొచ్చినాడు. నేను విన్నాను, నువ్వూ విన్నావు. బండి ఇయ్యకుండా ఆయన్ను చంపినారు. చచ్చినోణ్ణి ఇప్పుడు దొంగ అన్నారు. ఆ మాట కొట్టేయమని ఆఫీసరును అడిగితే నా పని కాదన్నాడు. మరి అది ఎవురి పని? నీ పనే కదా. బొమ్మలు తీసుకపోయి కంపలో పడేసినారు. ఆ బొమ్మలు ఎవురు చెక్కినారో పాపం, వాళ్ళ కష్టం గూడా మట్టిపాలయినాది. నాకు కోపంగా ఉంది తండ్రీ. నీ ముందర దాచేది ఏంది. నాకు చానా కోపంగా ఉంది.”

ఆమె ఇంకేమీ అడగలేదు, కూర్చుంది. ఏబేలు గారు దగ్గి బైబిలు పేజీలు తిప్పారు. పై ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మగవాళ్ళ వరుసలో ముందు కూర్చున్న సుందరరాజు తల ఎత్తకుండానే ఆమేన్ అన్నాడు. వెనక నుంచి సామ్రాజ్యం అంది. అప్పుడు పల్లెంతా అంది.

ఆ మధ్యాహ్నం విందులో కొడుకు తల్లి పక్కన వచ్చి కూర్చుని, కూర వేసుకోమ్మా అన్నాడు. వేసుకుంది.

ఆ తర్వాత రాహేలు పదేళ్ళకు పైగా బతికింది. నారపరెడ్డి ఎదురైతే పక్కకు తప్పుకునేది కాదు, పలకరించేది కాదు. ఆమె వినగా మళ్ళీ ఎవరూ పోలయ్యను దొంగ అనలేదు. అలాగని దొంగ కాదని ఊళ్ళో ఎవరూ చెప్పనూ లేదు. ఆమెకు జబ్బు చేసినప్పుడు ఏబేలు గారు మంచం పక్కన కూర్చుని, ఇప్పటికైనా క్షమించమ్మా, మనసు తేలికపడుతుంది అన్నారు.

“క్షమించమని వాళ్ళెవురూ అడగలేదయ్యా,” అంది రాహేలు. “అడిగితే ఆలోచిస్తా.”

అడగడానికి ఎవరూ రాలేదు.